రైఫిలుకు పెట్టిన బొట్టు

"కర్ర మీద పెట్టుకోమ్మా, ఇనుము మీద మాత్రం వద్దు" అని మా ఆయన పైడిరాజు ఆ ఉదయం అప్పటికి ఎన్నోసారో అన్నారు. హాల్లో గోడకి వీపు ఆనించి, రెండు చేతులూ బార్లా చాపి నిలబడ్డారు. ఎదురుగా మా అత్తగారు వరహాలమ్మ పసుపు కుంకుమల పళ్ళెం పట్టుకుని, ఆ చేతులు ఎప్పుడు నొప్పెడతాయా అని ఓపిగ్గా చూస్తున్నారు.

"పసుపు తడి తగిల్తే తుప్పు పడుతుంది."

"చిన్నప్పుడు నీ నుదుట్న ఎన్ని బొట్లు పెట్టేను. తుప్పు పట్టీసిందేట్రా?"

ఆరోజు మహర్నవమి. మా అత్తగారి పద్ధతి ఒకటే. ఏడాదంతా మనకోసం పాటుపడ్డ ప్రతి వస్తువుకీ ఆరోజు బొట్టు పడాలి. పాడై మూలపడ్డదానికి పెట్టకూడదు. ఆ ప్రకారం గ్యాసు స్టవ్వుకీ, మిక్సీకీ, స్కూటరుకీ, నీళ్ళ మోటారు స్విచ్చుకీ, మా అమ్మాయి పావని లాప్‌టాప్‌కీ అప్పటికే అయిపోయాయి. అటకమీది టేప్ రికార్డరుకి ఎప్పట్లాగే లేదు. మామగారు పోయినప్పటినుంచీ ఆవిడ నుదురు ఖాళీగానే ఉంటుంది. అందుకని మనుషులకి నాచేత పెట్టిస్తారు, వస్తువులకి తనే పెడతారు. వస్తువులు అలాంటివి పట్టించుకోవని ఆవిడ నమ్మకం.

ఇక మిగిలినవి గోడమీది మూడు రైఫిళ్ళు.

ఇవి పాతకాలం సైన్యానివి. ప్రతి గుండుకీ బోల్టు పైకెత్తి, వెనక్కి లాగి, మళ్ళీ ముందుకు తోసి బిగిస్తే తప్ప పేలని రకం. సైన్యం వాడి వాడి పోలీసులకిచ్చింది. పోలీసులు వాడి వాడి స్టోర్లో పడేశారు. స్టోరువాళ్ళు గొట్టంలో సీసం పోసి, గుండుని కొట్టే సూది పీకేసి, బోల్టుని వెల్డింగుతో అతికించేసి, ఇవి ఇకమీదట పేలవని సర్టిఫికెట్టు రాసి వేలం వేశారు. పేలని తుపాకులు కొనేవాళ్ళు జిల్లా మొత్తానికి మా ఆయన ఒక్కరే కాబట్టి పోటీ లేకుండా దొరికాయి. కరెంటాఫీసులో ఆయన గుమాస్తా. ఆదివారాలు మాత్రం వీటికే ఉద్యోగం చేస్తారు. నా పాత వాయిల్ చీరలు చింపి, అవిసెనూనెలో ముంచి, కర్రలు నిగనిగలాడేదాకా తోముతారు. ఇంటికొచ్చినవాళ్ళకి ఏ రైఫిలు ఏ యుద్ధం చూసిందో చెబుతారు. ఆ తర్వాత వాళ్ళు ఇంటికి రావడం తగ్గిస్తారు.

నాకు రైఫిళ్ళ మీద కోపం లేదు, గోడే కావాలి. అక్కడ అద్దాల బీరువా పెట్టుకోవాలని నా కోరిక. కానీ ఆ మాట గట్టిగా అనలేకపోయేదాన్ని, కారణం మధ్య రైఫిలు. మా మామగారు ఆర్మ్‌డ్ రిజర్వులో కానిస్టేబులుగా ఉద్యోగమంతా మోసింది దాన్నే. భుజానికి ఆనించే కర్ర మడమ దగ్గర ఇత్తడి బిళ్ళ మీద నూట నలభై రెండు అని ఉంటుంది. ఆ నంబరు ఆయన నిద్రలో కూడా కలవరించేవారట. కొడుకు వేలంలో ఆ బిళ్ళ చూసి, మిగతా రెండూ దానికి తోడుగా తెచ్చారు.

"అమ్మా, నీ లెక్కే చెప్తున్నాను. పనిచెయ్యనిదానికి బొట్టు పెట్టవు కదా. ఇవి పనిచెయ్యవు" అన్నారు మా ఆయన, చివరి ఆయుధంగా.

"మీ నాన్న భుజం కాయ కట్టీసింది దీంతోనే. నీ బడి ఫీజు దీంతోనే. పనిచెయ్యదంతావేట్రా?" అంటూ ఆవిడ కొడుకు చంక కిందనుంచి చెయ్యి పోనిచ్చి, మధ్యదానికి సరిగ్గా బోల్టు పక్కన, నల్లటి ఇనుము మీద, రూపాయి బిళ్ళంత బొట్టు పెట్టేశారు. మిగతా రెండిటికీ కొడుకు ముచ్చట తీర్చడానికి కర్ర మీదే పెట్టారు. పావని ఫొటో తీసింది. మా ఆయన టిఫిను మానేశారు. మధ్యాహ్నానికి ఆకలేసి తిన్నారు.

అంతటితో అయిపోవలసిన గొడవ. కానీ పావని ఆ ఫొటోని స్టేటస్‌లో పెట్టింది. అది మా కాలనీ గ్రూపులోంచి ఎవరెవరి ఫోన్లలోకో వెళ్ళి, చివరికి ఆయుధాల విభాగం సూపరింటెండెంటు కూర్మనాథంగారి ఫోన్లో ఆగింది.

ఆయన ఒక జవానుని వెంటేసుకుని వచ్చారు. చేతులు వెనక్కి కట్టుకుని గోడముందు చాలాసేపు నిలబడ్డారు.

"ఇవి జీవించియున్నట్లుగా ప్రాథమికంగా కనబడుచున్నది" అన్నారు.

మా ఆయన పరుగున వెళ్ళి సర్టిఫికెట్టు తెచ్చి చూపించారు. ఆయన దాన్ని గౌరవంగా చదివి, గౌరవంగా మడిచి ఇచ్చేశారు.

"ఇది గతకాలపుది. బొట్టు ఈ సంవత్సరపుది. రెండు ఆధారములు పరస్పరం విభేదించినచో తాజాదానిని పరిగణించవలసియున్నది."

"బోల్టు లాగి చూడండి సార్. కదలదు."

"ఆయుధమై ఉండుటకు అవకాశమున్న వస్తువును తాకుటకు నాకు లైసెన్సు లేదు."

మా ఆయన తనే లాగి చూపించబోతే, లైసెన్సు లేకుండా తుపాకీ ప్రయోగించిన నేరం తన కళ్ళముందు జరగడం ఆయనకి ఇష్టం లేదని చెప్పి ఆపేశారు. ఆ తర్వాత మా అత్తగారివైపు తిరిగారు. పాడైపోయిన వస్తువులకు బొట్టుపెట్టు ఆచారము ఈ ఇంట కలదా అని అడిగారు.

"పాడైపోయినదానికి ఎందుకు పెడతాం బాబూ" అన్నారు ఆవిడ. అబద్ధం చెప్పాల్సిన ప్రశ్న అని ఆవిడకి తెలియదు. తెలిసినా చెప్పేవారు కాదు.

కూర్మనాథంగారి మొహం వెలిగిపోయింది. పాడైపోయిన వస్తువు ఏదైనా చూపించమన్నారు. అటకమీంచి టేప్ రికార్డరు దించాం. దానికి బొట్టు లేదు. మిక్సీ వేసి చూడమన్నారు. తిరిగింది, బొట్టు ఉంది. పక్కింటికి వెళ్ళి వాళ్ళ వస్తువులు కూడా చూసొచ్చారు. అక్కడా అంతే. ఇన్నేళ్ళ సర్వీసులో ఇంత ఖచ్చితమైన పరీక్ష తను చూడలేదనీ, దీనికి ఇంజినీరు గానీ పరికరం గానీ అవసరం లేదనీ, దూరంనుంచి చూస్తే చాలనీ ఆయన ఆశ్చర్యపోయారు. మేమిచ్చిన కాఫీ కూడా ఆ ఆశ్చర్యంలోనే తాగారు.

వెళ్తూ వెళ్తూ మాకు రెండు మార్గాలు చెప్పారు. తరవాతి తనిఖీనాటికి కుటుంబసభ్యుల్లో ఒకరు సాక్షుల ఎదుట ఆ బొట్లు తొలగించాలి. అప్పుడవి మరణించినట్టు నిర్ధారణ అయి గోడమీదే ఉండవచ్చు. లేదంటే, సజీవమైన ఆయుధాలు లైసెన్సు లేకుండా ఉంచుకున్నందుకు కేసు పెట్టి, మూడూ పట్టుకుపోతారు. పట్టుకుపోయిన ఇనుమంతా కొలిమిలో కరిగిస్తారట.

"దీనికి మొగుడు పోయేడేటి, బొట్టు తుడవమంతన్నారు?" అన్నారు మా అత్తగారు నెమ్మదిగా.

కూర్మనాథంగారు ఆలోచించి, జవానుతో, "రైఫిలు నంబరు నూట నలభై రెండు, వైవాహిక స్థితి తెలియరాలేదు అని రాయండి" అన్నారు.

ఆయన వెళ్ళాక మా ఇంట్లో మళ్ళీ గొడవ. కర్రమీది రెండు బొట్లూ మా ఆయన అప్పుడే తడిగుడ్డతో తుడిచేయబోయారు. సాక్షులు లేకుండా తుడిస్తే సాక్ష్యం మాయం చేసినట్టవుతుందని నేను ఆపాను. మధ్యదాని సంగతి వేరు. నేను తుడవనన్నాను. ఆయన చెయ్యి దానిదాకా వెళ్ళి వెనక్కొచ్చింది. పావని, "ఇందులో ఏముంది, నేను తుడుస్తాను" అంటే వాళ్ళ నానమ్మ దాని చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నారు. తనకి పదోరోజున బొట్టు తుడిచింది సొంత ఆడపడుచేననీ, ఆ తడిగుడ్డ చల్లదనం ఇప్పటికీ నుదుటి మీదే ఉన్నట్టుంటుందనీ, ఇనుముకైనా ఆ పని చేయించననీ చెప్పారు. మా మామగారి రైఫిలు కొలిమికి పోతుందేమోనని ఆ రోజునుంచీ ఇంట్లో అందరికీ ఒకటే గుబులు. నా అద్దాల బీరువా సంగతి నేనే మర్చిపోయాను.

ఈలోగా కూర్మనాథంగారు తన పరీక్ష గురించి పైకి ఒక నోటు రాశారు. పైవాళ్ళకి అది ఎంతో నచ్చింది. పనిచేస్తున్నవేవో, పనిచెయ్యనివేవో తేల్చడం ప్రభుత్వానికి ఎప్పుడూ పెద్ద తలనొప్పి. తనిఖీకి ఇంజినీరు వెళ్ళాలి, ఇంజినీరుకి జీపు కావాలి, ఆ జీపు పనిచెయ్యాలి. ఇప్పుడు కుంకుమ భరిణె చాలు. ఇకపై జిల్లాలో ఏ వస్తువు జీవస్థితినైనా బొట్టును బట్టే నిర్ధారించాలని ఉత్తర్వు వచ్చింది.

ఉత్తర్వు వచ్చిన వారానికే జిల్లా కళకళలాడింది. ఏళ్ళతరబడి చుక్క నీరు రాని బోరింగులకి బొట్లు పడ్డాయి. మునిసిపాలిటీ వెనక చెట్లు మొలిచిన రోడ్డు రోలరుకి పూలదండ పడింది. ప్రభుత్వాసుపత్రి లిఫ్టు తలుపులకి పసుపు రాసి నిమ్మకాయలు కట్టారు. నేను మోకాళ్ళ నొప్పికి వెళ్ళినప్పుడు, పైకి మెట్లెక్కలేక లిఫ్టు ముందు నిలబడితే, అక్కడి ఉద్యోగి బొట్టు చూపించి, "నడుస్తోంది కదమ్మా" అన్నాడు. నడవడం లేదన్నాను. అలా అనాలంటే బొట్టు లేదని రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యాలన్నాడు. బొట్టు ఉంది కదా అన్నాను. "మరి అదే నేనూ అంటున్నాను" అన్నాడు. మేమిద్దరం ఒకే మాట మీద ఉన్నందుకు అతను సంతోషించాడు. నేను మెట్లెక్కాను.

రెండోవైపు కూడా అంతే నిక్కచ్చిగా జరిగింది. పోలీసు జీపుకి ఆ ఏడు బొట్టు పెట్టాల్సిన డ్రైవరు నవమినాడు సెలవులో ఉన్నాడు. జీపు మరణించినట్టు ప్రకటించారు. అప్పటినుంచి ఎస్సైగారు దొంగల్ని పట్టుకోడానికి షేర్ ఆటోలో వెళ్తున్నారు. ఒకసారి దొంగే చిల్లర ఇచ్చాడని చెప్పుకున్నారు. మా వీధి చివర టైలరు మస్తాన్ కుట్టుమిషను పొద్దున్నించి రాత్రిదాకా తిరుగుతూనే ఉంటుంది. వాళ్ళింట్లో బొట్టు అలవాటు లేదు. సర్వేకొచ్చినవాళ్ళు, తిరుగుతున్న మిషను పక్కనే నిలబడి, ఇది పనిచెయ్యదని రాసి, చీటీ అతికించి వెళ్ళారు. అతను నా జాకెట్టు కుడుతూనే అదంతా చూశాడు. మూడోరోజున పనిచెయ్యని మిషనుకి కరెంటెందుకని షాపుకి ఫ్యూజు పీకేశారు.

మస్తాన్ మా ఇంటికి వచ్చి, "పిన్నిగారూ, కాస్త కుంకుమ ఉంటే ఇస్తారా. మిషను బతికించుకోవాలి" అన్నాడు.

మా అత్తగారు పొట్లం కట్టిచ్చారు. "నీ మిషనుకి ఇదేటి కర్మరా నాయనా. మీ ఇంట్లో బాగోదని ఏమైనా అంతారేటి?"

"మా ఆవిడే పంపిందండి. మిషను మతం మారలేదు, కరెంటాఫీసు మారిందంది."

మా ఆయన కరెంటాఫీసులోనే పనిచేస్తారు కాబట్టి లోపలి గదిలోంచి బయటికి రాలేదు.

తర్వాత ఇళ్ళ సర్వే మొదలైంది. ఉత్తర్వు రాసినవారు తొందరలో 'వస్తువులు' అన్న మాట వదిలేసి 'గృహమందలి సమస్తము' అని రాశారు. దిగువ ఉద్యోగులు ఉత్తర్వులో లేని మాట చేర్చుకోలేరు కాబట్టి సమస్తాన్నీ సర్వే చేశారు. దాంతో మొదటిరోజే ఒక చిక్కు వచ్చింది. జిల్లాలోని మగవాళ్ళలో చాలామంది, పై అధికారులతో సహా, పనిచెయ్యని స్థితిలో ఉన్నట్టు తేలింది. సాయంత్రానికల్లా సవరణ వచ్చింది. పురుషుల విషయంలో బొట్టు లేకపోవడాన్ని పనిచెయ్యకపోవడంగా భావించరాదు, వారు స్వభావరీత్యా పనిచేయుచున్నట్లుగానే పరిగణించవలెను అని. ఆడవాళ్ళ గురించి సవరణ రాలేదు. ఎవరికీ గుర్తు రాలేదనుకుంటాను.

మా ఇంటికి సర్వేకొచ్చిన అమ్మాయి మంచిదే. స్టవ్వు చూసి టిక్కు పెట్టింది, మిక్సీ చూసి టిక్కు పెట్టింది. వాలుకుర్చీలో పేపరు చదువుతున్న మా ఆయనకి, సవరణ ప్రకారం, తల ఎత్తకుండానే టిక్కు పెట్టింది. నాకూ పెట్టింది. మా అత్తగారు అప్పుడు పెనం ముందు నిలబడి అట్లు పోస్తున్నారు. తెల్లారకముందే లేచి పిండి రుబ్బి, నీళ్ళు పట్టి, వాకిలి కడిగి, పావనికి డబ్బా కట్టి, ఆ తర్వాత పెనం దగ్గరికి వచ్చారు. ఆ అమ్మాయి ఆవిడ నుదురు చూసింది, నా మొహం చూసింది, తన చేతిలో కాగితం చూసుకుంది.

"మామ్మగారికి... ఇంటూ పెట్టాలండి. ఏమనుకోకండి" అంది.

"పెట్టమ్మా. ముందు అట్టు తిను, సల్లారిపోతాది" అన్నారు మా అత్తగారు.

ఆ అమ్మాయి అట్టు తిని, చెయ్యి కడుక్కుని, రెండు చీటీలు అతికించి వెళ్ళింది. ఒకటి టేప్ రికార్డరుకి. రెండోది మా అత్తగారి మంచం కోడుకి. 'పనిచెయ్యని స్థితి. తదుపరి ఆదేశముల వరకు యథాస్థానమున ఉంచవలెను' అని రెండిటి మీదా ఒకటే రాసుంది. మా ఆయన చీటీ పీకేయబోయారు. ఆవిడ వద్దన్నారు. కళ్ళజోడు తెప్పించుకుని మొత్తం చదివారు. "యథాస్థానం అంటే ఏటే పావనీ" అని అడిగారు. ఉన్నచోటే ఉండమనడం అని పావని చెప్పింది. ఆవిడ తలూపి, మిగిలిన పిండి వృథా పోతుందని మళ్ళీ వంటింట్లోకి వెళ్ళారు. ఆరోజు అట్లు ఎన్ని పోశారంటే, మస్తాన్ ఇంటికి కూడా పంపాం.

ఆ తర్వాత కొన్నాళ్ళు ఆవిడ సాయంత్రాలు హాల్లో కూర్చుని మధ్య రైఫిలుకేసి చూసేవారు. మా ఆయన దాన్ని తోమడం మానేశారు. బొట్టు చుట్టూ తోమితే సాక్ష్యానికి భంగమని భయం.

తనిఖీ రోజు రానే వచ్చింది. కూర్మనాథంగారికి ఈలోగా పదోన్నతి వచ్చింది, ఆ గౌరవానికి తగ్గట్టు ఇద్దరు జవాన్లు వచ్చారు. ఒకడి చేతిలో గోనెసంచి ఉంది. సాక్షిగా మస్తాన్‌ని పిలిపించారు. రైఫిళ్ళు దింపి బల్లమీద వరసగా పడుకోబెట్టమన్నారు. మా ఆయన పసిపిల్లల్ని దింపినట్టు దింపారు. కర్రమీది రెండు బొట్లూ ఆయనే తుడిచేశారు. ఆ రెండూ అక్కడికక్కడే మరణించినట్టు కూర్మనాథంగారు ప్రకటించారు.

"మధ్యది కూడా కానిండి."

మా ఆయన గుడ్డ పట్టుకుని వాళ్ళమ్మ వైపు చూశారు. జవాను గోనెసంచి మూతి విప్పాడు. నేను పావని భుజం పట్టుకున్నాను.

మా అత్తగారు లేచి వచ్చారు. కొడుకు చేతిలో గుడ్డ తీసి పక్కన పెట్టారు. కుడిచేతి ఉంగరపు వేలు గ్లాసులో నీళ్ళలో ముంచి, ఎండిపోయిన ఆ బొట్టు మీద నెమ్మదిగా, గుండ్రంగా తిప్పారు. కుంకుమంతా తడిసి వేలికి వచ్చేసింది. ఆ వేలిని ఎత్తి తన నుదుటి మధ్య పెట్టుకున్నారు. అద్దం చూసుకోలేదు. అలవాటు తప్పి ఇన్నేళ్ళయినా సరిగ్గా మధ్యలోనే పడింది.

"తుడవలేదు బాబూ. మార్చేనంతే" అన్నారు. "రాసుకో. ఇది పనిచెయ్యదు. నేను చేస్తన్నాను."

కూర్మనాథంగారు జేబులోంచి ఉత్తర్వు తీసి అటూ ఇటూ తిప్పి చూశారు. బొట్టు బదిలీకి అందులో నిబంధన లేదు, నిషేధమూ లేదు. ఇద్దరి జీవస్థితీ ఒకే క్షణంలో మారిపోవడం వల్ల ఏది ముందు రాయాలన్న సందేహం ఒకటి. చివరికి ఆయన బల్లమీదికి వంగి, తుడిచినచోట మిగిలిన గుండ్రటి ఎర్రమచ్చని వేలితో చూపించారు.

"ఇంకనూ బొట్టు ఉన్నట్లు కనబడుచున్నదే."

మా ఆయన కళ్ళజోడు పెట్టుకుని వంగి చూశారు. ఇనుము మీది నల్లరంగు పోయి, లోపల రూపాయి బిళ్ళంత మేర గుండ్రంగా తినేసినట్టుంది. మామూలు రోజైతే వారం రోజులు అన్నం మానేసే సంగతి.

"తుప్పండి" అన్నారు, ఇంచుమించు పాడుతున్నట్టు. "అసలు సిసలు తుప్పు. నేను నవమినాడే చెప్పాను."

మస్తాన్ కూడా వంగి చూసి తుప్పేనని సాక్ష్యం చెప్పాడు. తుప్పు పనిచెయ్యకపోవడానికి అనుబంధ లక్షణమని కూర్మనాథంగారు తీర్మానించి, మూడూ నిస్సందేహంగా మరణించాయని సంతకం పెట్టారు. గోనెసంచి ఖాళీగానే మడతపెట్టారు. గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, మంచం కోడు మీది చీటీని గోటితో గీకి తనే ఊడదీశారు. మా అత్తగారికి నమస్కారం పెట్టబోయి, నిబంధన ఉందో లేదో తెలియక, చేతులు సగంలో ఆపుకున్నారు.

ఆ సాయంత్రం అందరం కింద కూర్చుని అన్నాలు తింటున్నాం. రైఫిళ్ళు మళ్ళీ గోడకెక్కాయి. మా ఆయన తింటూ తింటూ ఆ తుప్పు మచ్చవైపు చూస్తున్నారు. మేం ముగ్గురం అత్తగారి నుదుటివైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నిస్తున్నాం. ఇవాళ్టి మటుకే కదా అని నేను అనుకుంటున్నాను. వచ్చే నెలలో అత్తగారి ఆడపడుచుగారింట్లో గృహప్రవేశం ఉంది, అక్కడ ఎవరేమంటారోనని ఆయన అనుకుంటున్నారని మొహం చూస్తే తెలుస్తోంది.

మా అత్తగారు చారన్నం కలుపుకుంటూ, ఉప్పు సరిపోయిందో లేదో చెబుతున్నంత మామూలుగా అన్నారు.

"రేపట్నించి రోజూ పెట్టుకుంటాను. గృహప్రవేశానికీ ఇలాగే వస్తాను. ఎవరికైనా బాగోకపోతే కలెక్టరాఫీసుకి రాసుకోమనండి."

తర్వాత నావైపు తిరిగి, "హైమా, కొంచెం చారు ఎయ్యమ్మా" అన్నారు.